స్పాక్ చేతిలో స్లైడ్ రూల్: 23వ శతాబ్దపు నౌకలోకి 1930ల నాటి లెక్కల పరికరం ఎలా వచ్చింది?

‘స్టార్ ట్రెక్’ తొలి ధారావాహికను ఈ మధ్య మొదటిసారి చూస్తున్నవారిని ఒక దృశ్యం తప్పకుండా తికమకపెడుతుంది. కథ నడిచేది 23వ శతాబ్దంలో. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక కాంతి కన్నా వేగంగా ప్రయాణిస్తుంది, మనుషులను ఒకచోట మాయం చేసి మరోచోట నిలబెడుతుంది, అందులోని కంప్యూటర్‌ను నోటిమాటతో అడిగితే నోటిమాటతోనే జవాబు చెబుతుంది. అలాంటి నౌకలో శాస్త్రాధికారి స్పాక్ ఒక క్లిష్ట సమయంలో గుండ్రటి చక్రం ఉన్న చిన్న పలకను చేతిలోకి తీసుకుని, ఆ చక్రాన్ని వేళ్లతో తిప్పి, అంచున ఉన్న అంకెలను చదివి లెక్క తేలుస్తాడు. ఆ పలక సెట్ కోసం ఊహించి చేసిన వస్తువు కాదు. అప్పట్లో విమానాలు నడిపేవారి సంచుల్లో ఉండే ‘ఈ-6బి’ అనే పరికరం అది. గీతలున్న స్కేళ్లను జరిపి లెక్క చేసే స్లైడ్ రూల్ జాతికి చెందినది.

1966 సెప్టెంబరు 29న ప్రసారమైన ‘ద నేకెడ్ టైమ్’, అదే ఏడాది అక్టోబరు 13న వచ్చిన ‘మడ్స్ విమెన్’, 1967 సెప్టెంబరు 22 నాటి ‘హూ మోర్న్స్ ఫర్ అడొనైస్?’ భాగాలలో ఇది కనిపిస్తుంది. దీనిని చూసి నవ్వుకునేవారు ఉన్నారు, నిర్మాతల ఊహాశక్తి అక్కడితో ఆగిపోయిందని తేల్చేసేవారు ఉన్నారు, కథలోంచే కారణం వెతికి సమర్థించే అభిమానులూ ఉన్నారు. ఎవరి మాటలో ఎంత నిజముందో తూచి చూడాలంటే ముందు ఆ పరికరం ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో తెలియాలి. అది తెలియకుండా చేసే తీర్పు ఏదైనా పైపైదే అవుతుంది.

గీతలతో గుణకారం ఎలా జరుగుతుంది

స్లైడ్ రూల్‌కు ఆధారం లాగరిథమ్. మన పాఠ్యపుస్తకాలలో దీనినే సంవర్గమానం అంటారు. స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ 1614లో ఈ పద్ధతిని ప్రకటించాడు. దాని సారాంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: రెండు సంఖ్యలను గుణించడానికి బదులు వాటి సంవర్గమానాలను కూడితే చాలు. గుణకారం కష్టం, కూడిక తేలిక. నేపియర్ ఆ కష్టాన్ని తేలికలోకి మార్చి పట్టికలు తయారుచేసిపెట్టాడు. మన ఇంజనీరింగ్ విద్యార్థులు పరీక్షలకు వెంట తీసుకువెళ్లిన క్లార్క్స్ టేబుల్స్ ఆ పట్టికల వారసత్వమే.

1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఆంగ్లేయుడు ఈ పట్టికను ఒక గీతగా మార్చాడు. సంఖ్యలను సమాన దూరాలలో కాక, వాటి సంవర్గమానాలంత దూరాలలో గీత మీద గుర్తించాడు. కొద్ది ఏళ్లకే విలియం ఆట్రెడ్ అలాంటి రెండు గీతలను ఒకదాని పక్కన ఒకటి జరిపితే కూడిక దానంతటదే జరుగుతుందని చూపించాడు. స్లైడ్ రూల్ పుట్టింది అక్కడే.

ఒక లెక్క చేసి చూద్దాం. 25 సెంటీమీటర్ల పొడవున్న స్కేలు తీసుకుందాం. దాని ఎడమ చివర 1, కుడి చివర 10 ఉంటాయి. 2 యొక్క సంవర్గమానం 0.301 కనుక 2 అనే గుర్తు ఎడమ చివర నుంచి సుమారు 7.5 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. 3 యొక్క సంవర్గమానం 0.477 కనుక ఆ గుర్తు 11.9 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇప్పుడు జరిగే స్కేలు తాలూకు 1ని, కదలని స్కేలు మీది 2కి ఎదురుగా నిలిపి, జరిగే స్కేలు మీది 3కి కింద ఏముందో చూస్తే, 7.5కు 11.9 కలిపి 19.4 సెంటీమీటర్ల దగ్గరకు చేరుతాం. అక్కడ ఉన్న గుర్తు 6. మనిషి చేసినది ఒక పలకను జరపడమే, గుణకారం చేసినది ఆ గీతల అమరిక.

ఇదే గీతను వలయంగా వంచితే గుండ్రటి స్లైడ్ రూల్ అవుతుంది. అప్పుడు దూరాలకు బదులు కోణాలు పనిచేస్తాయి. 360 డిగ్రీల వలయంలో 7 అనే గుర్తు 304 డిగ్రీల దగ్గర, 8 అనే గుర్తు 325 డిగ్రీల దగ్గర ఉంటాయి. రెండూ కూడితే 629 డిగ్రీలు. అంటే ఒక పూర్తి చుట్టు తిరిగి మరో 269 డిగ్రీలు. ఆ స్థానంలో ఉండే సంఖ్య 5.6. ఏడెనిమిదులు యాభై ఆరు అని మనకు ఎక్కాల వల్ల తెలుసు కనుక, ఆ 5.6ను 56గా చదువుకుంటాం. వలయానికి ఉన్న సౌకర్యం ఇదే. తిన్నటి స్కేలులో జవాబు ఒక్కోసారి స్కేలు చివర దాటిపోతుంది, అప్పుడు మళ్లీ వెనక్కి జరిపి చూడాలి. వలయానికి చివర అనేదే లేదు.

ఈ చిన్న ఉదాహరణలోనే స్లైడ్ రూల్ పరిమితులు కూడా కనిపిస్తున్నాయి. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో అది చెప్పదు. 5.6, 56, 560 దానికి ఒక్కటే. జవాబు సుమారు ఎంత ఉండాలో వాడేవారికి ముందే తెలిసి ఉండాలి. మూడు అంకెలకు మించిన కచ్చితత్వం సాధారణంగా రాదు. కూడిక, తీసివేత దానితో చేయరు, అవి కాగితం మీద చేసుకోవలసినవే. 1995 నాటి ‘అపోలో 13’ చిత్రంలో నియంత్రణ కేంద్రంలోని ఇంజనీర్లు స్లైడ్ రూళ్లు తీసి వ్యోమగామి లెక్కను సరిచూసే దృశ్యంపై తెలిసినవారు అభ్యంతరం చెప్పేది ఇందుకే. అక్కడ సరిచూడవలసింది కూడికలు, తీసివేతలు. పాత పరికరాన్ని తెర మీద చూపినప్పుడు అది ఆ కాలానిదా అని అడగడంతో సరిపోదు, ఆ లెక్కకు తగినదా అని కూడా అడగాలి.

స్పాక్ వాడిన ఈ-6బి ప్రత్యేకత

ఈ-6బిని 1930ల చివరిలో అమెరికా నౌకాదళ రిజర్వు పైలట్ ఫిలిప్ డాల్టన్ రూపొందించాడు. ఆ పేరు సైన్యం సామాను జాబితాలోని సంఖ్య నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవి లక్షల సంఖ్యలో తయారయ్యాయి. దీనికి రెండు ముఖాలుంటాయి. ఒకవైపు గాలి దిశను, వేగాన్ని గీసి విమానం ముక్కును ఎటు తిప్పి పెట్టాలో తేల్చుకునే పారదర్శక ఫలకం ఉంటుంది. మరోవైపు గుండ్రటి స్లైడ్ రూల్. దాని బయటి వలయం కదలదు, లోపలి చక్రం తిరుగుతుంది. బయటి వలయం మీద దూరం లేదా ఇంధనం, లోపలి చక్రం మీద కాలం చదువుతారు.

లోపలి చక్రం మీద 60 అనే అంకె దగ్గర కొట్టొచ్చినట్టు కనబడే ఒక బాణం గుర్తు ఉంటుంది. గంటకు 60 నిమిషాలు కనుక దానికి ఆ ప్రాముఖ్యం. విమానం గంటకు 142 కిలోమీటర్ల వేగంతో పోతోంది, గమ్యం 265 కిలోమీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. బాణాన్ని బయటి వలయం మీది 142కి ఎదురుగా తిప్పి ఆపాలి. తర్వాత దేనినీ కదపకుండా బయటి వలయం మీద 265 ఎక్కడుందో వెతికి, దాని కింద లోపలి చక్రం మీద ఏముందో చూడాలి. 112 కనిపిస్తుంది. అంటే 112 నిమిషాలు, గంటా 52 నిమిషాలు. ఒక్కసారి తిప్పి నిలిపిన చక్రం ఆ ఒక్క జవాబుతో ఆగదు. అదే వేగంతో 100 కిలోమీటర్లకు ఎంతసేపు, 180కి ఎంతసేపు అన్నవన్నీ ఆ క్షణంలో వలయం మీద బారులు తీరి ఉంటాయి, చూపు మార్చితే చాలు. ఒక చేత్తో విమానాన్ని పట్టుకుని మరో చేత్తో లెక్క చూసుకోవలసిన మనిషికి ఇది ఎంత పెద్ద సాయమో వేరే చెప్పనక్కర లేదు.

‘ద నేకెడ్ టైమ్’ కథలో ఎంటర్‌ప్రైజ్ అదుపు తప్పి ఒక గ్రహం మీదికి జారిపోతూ ఉంటుంది, ఎంత సమయం మిగిలి ఉందన్నదే ప్రశ్న. దూరం, వేగం, కాలం ఈ మూడింటిలో రెండు తెలిస్తే మూడోది చెప్పడానికే ఈ-6బి పుట్టింది. కాబట్టి సెట్ మీద ఆ పరికరాన్ని ఎంచుకున్నవారికి అది ఎందుకు పనికివస్తుందో బాగానే తెలిసి ఉండాలి.

అయితే నిజంగా పడిపోతున్న నౌకకు ఆ చక్రం చాలుతుందా? పూర్తిగా చాలదు. నౌక 800 కిలోమీటర్ల ఎత్తున ఉండి, నిమిషానికి 25 కిలోమీటర్ల చొప్పున కిందికి దిగుతోందనుకుంటే చక్రం 32 నిమిషాలని చూపుతుంది. గ్రహానికి దగ్గరవుతున్న కొద్దీ ఆ వేగం పెరుగుతుంది. సగం దూరం తర్వాత వేగం రెట్టింపయిందని మోటుగా అనుకున్నా, మొదటి 400 కిలోమీటర్లకు 16 నిమిషాలు, మిగతా 400కు 8 నిమిషాలు, మొత్తం 24 నిమిషాలే అవుతుంది. ఎనిమిది నిమిషాలు తేడా. వేగం ఎలా మారుతుందన్న నియమాన్ని ఆ చక్రం లెక్కలోకి తీసుకోలేదు. వాడే మనిషి కొద్దిసేపటికొకసారి కొత్త వేగంతో చక్రాన్ని మళ్లీ తిప్పి అంచనాను సవరించుకుంటూ పోవాలి. పైలట్లు గాలి మారినప్పుడల్లా చేసే పని అదే.

దీపాలు వెలిగే గోడలు, లెక్క చేసే చక్రం

అదే కాలపు టెలివిజన్‌లో కంప్యూటర్ అంటే ఏం చూపించేవారో గమనిస్తే ఈ దృశ్యం ప్రత్యేకత ఇంకా తేటపడుతుంది. అమెరికా వైమానిక రక్షణ కోసం ఐబీఎం నిర్మించిన ‘ఏఎన్/ఎఫ్‌ఎస్‌క్యూ-7’ కంప్యూటర్ ఒక్కొక్కటి 250 టన్నుల బరువు, దాదాపు 49,000 వాక్యూమ్ ట్యూబులు. సైన్యం వదిలించుకున్న ఆ యంత్రాల పలకలు సెట్ సామానుగా మారి ‘ద టైమ్ టనల్’ వంటి ధారావాహికలలో వరుసలు వరుసలుగా దీపాలు వెలిగించాయి. బరోస్ 205 కంప్యూటర్ పలకలు ‘లాస్ట్ ఇన్ స్పేస్’లోనూ, ‘బ్యాట్‌మన్’ గుహలోనూ దర్శనమిచ్చాయి. ఇవి నిజమైన యంత్రాల నిజమైన భాగాలు. తెర మీద మాత్రం వాటి పని వెలిగి ఆరడమే, ఏ లెక్కా జరగదు.

ఎంటర్‌ప్రైజ్ నియంత్రణ గదిలోని రంగురంగుల బొత్తాలు, దీపాలు అసలు యంత్రాలు కూడా కావు, వడ్రంగి, విద్యుత్ పనివారు కలిసి చేసిన అలంకారం. ఆ గది మొత్తంలో కెమెరా ఆపేసినా నిజంగా లెక్క చేయగల వస్తువు ఏదైనా ఉందంటే అది స్పాక్ పాత్రధారి లియోనార్డ్ నిమోయ్ చేతిలోని ఈ-6బి. ఈ వాస్తవం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. మనం ఏ వస్తువును చూసి ‘ఇది ఇక్కడ ఉండవలసింది కాదు’ అంటున్నామో, ఆ సెట్ మీద అబద్ధం ఆడని సాధనం అదొక్కటే.

‘ద నేకెడ్ టైమ్’లోనే మరో చిన్న వస్తువు ఉంది. నౌకలోని కాలమానిని అంకెలు తెర మీద మెరిసే అంకెలు కావు, పాత కారు మైలేజీ మీటరులో మాదిరిగా తిరిగే చక్రాల మీద అచ్చువేసిన అంకెలు. కథ చివర నౌక కాలంలో వెనక్కి జారినప్పుడు ఆ చక్రాలు వెనక్కి తిరుగుతాయి. కాలం వెనక్కి నడవడాన్ని ప్రేక్షకుడికి చూపడానికి ఆ యాంత్రికతే ఎంతో పనికొచ్చింది. స్పాక్ చక్రం విషయంలోనూ ఇదే సూత్రం పనిచేసిందని అనుకోవడానికి వీలుంది. ఒక మనిషి కళ్లు మూసుకుని ఆలోచిస్తే కెమెరాకు ఏమీ దొరకదు. వేళ్లు చక్రాన్ని తిప్పుతుంటే, చూపు అంచు వెంట జారుతుంటే, లెక్క జరుగుతోందని మాట అవసరం లేకుండానే తెలుస్తుంది.

ఊహ చాలకపోవడం వల్లేనా?

తొలి వాదన ఇది: 1966 నాటికే చేతిలో పట్టే ఎలక్ట్రానిక్ గణన యంత్రాన్ని ఊహించడానికి కావలసిన ఆధారాలన్నీ ఉన్నాయి, నిర్మాతలు వాటిని పట్టించుకోలేదు. ఈ వాదనకు బలం లేకపోలేదు. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (చిప్) 1958లో వచ్చింది. పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేసే ‘అనిటా’ అనే బల్లమీది కాలిక్యులేటర్ 1961లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. ఒక చిప్‌లో ఇమిడే భాగాల సంఖ్య ఏటేటా వేగంగా పెరుగుతుందని గోర్డన్ మూర్ 1965లో రాశారు. అదే ఏడాది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ బృందం చేతిలో పట్టే కాలిక్యులేటర్ పని మొదలుపెట్టి 1967కు నమూనా సిద్ధం చేసింది. అంటే తెర మీద స్పాక్ చక్రం తిప్పుతున్న రోజులలోనే, ఆ చక్రాన్ని పక్కకు నెట్టబోయే వస్తువు ఒక ప్రయోగశాల బల్ల మీద రూపు దిద్దుకుంటోంది.

అయినా ఈ వాదన ఒకచోట తడబడుతుంది. ఊహ చాలని మనుషులైతే మాట్లాడే కంప్యూటర్‌ను, భుజానికి తగిలించుకుని పోయే ట్రైకార్డర్ అనే పరిశీలన పరికరాన్ని ఎలా సృష్టించారు? వారు కంప్యూటర్ భవిష్యత్తును తక్కువగా అంచనా వేయలేదు. కంప్యూటర్ పెద్దదై గోడలో ఉంటుందని, మనిషి తన సొంత అంచనాకు చేతి పరికరాన్ని వాడుకుంటూనే ఉంటాడని, ఈ రెండూ పక్కపక్కనే కొనసాగుతాయని అనుకున్నారు. ఆ అంచనా తప్పింది, నిజమే. ఆ తప్పు ఆ రోజులలో దాదాపు ఇంజనీర్లందరిదీ.

రెండో వాదన సెట్ సామాను ఆర్థికం గురించినది. వారం వారం ఒక భాగం తీయవలసిన ధారావాహికలో ప్రతి వస్తువునూ కొత్తగా తయారు చేయించడం కుదరదు. బజారులో దొరికేదానిలోంచి ప్రేక్షకుడు గుర్తుపట్టనిది ఏరుకోవాలి. ‘స్టార్ ట్రెక్’ వైద్యుడు మెకాయ్ వాడే శస్త్రచికిత్స పరికరాలలో కొన్ని అసలు ఉప్పు డబ్బాలు. ఒక కథలో ఉప్పు డబ్బాలుగా చూపడానికి వింత ఆకారాలవి కొన్నారు. అవి మరీ వింతగా ఉండడంతో ఉప్పు డబ్బాలని ఎవరూ పోల్చుకోలేరని మామూలువి పెట్టి, కొన్నవాటిని వైద్యుడికి అప్పగించారు. ‘స్టార్ ట్రెక్’ మొదలైన తొమ్మిది రోజులకు, 1966 సెప్టెంబరు 17న పశ్చిమ జర్మనీలో మొదలైన ‘రౌమ్‌పట్రూల్యె ఓరియన్’ అనే అంతరిక్ష ధారావాహికలో నౌకను నడిపే పలక మీద బట్టలు ఇస్త్రీ చేసుకునే పెట్టె పిడి కూడా అమరింది. ఈ దృష్టితో చూస్తే ఈ-6బి ఎంపికలో ఒక లెక్క ఉంది. తిన్నటి స్లైడ్ రూల్‌ను 1966లో అమెరికాలోని ప్రతి ఇంజనీరూ, విజ్ఞానశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ గుర్తుపడతాడు. గుండ్రటి ఈ-6బిని గుర్తుపట్టేది పైలట్లే. మిగతావారికి అది చూడడానికి ఏదో కొత్త పరికరం.

పైలట్ల మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్ విమానాలు నడిపినవారు, యుద్ధం తర్వాత పాన్ యామ్ విమానయాన సంస్థలో పైలట్‌గా పనిచేసినవారు. ఆ తరం పైలట్‌కు ఈ-6బి రోజూ చేతిలో ఆడిన వస్తువు. సెట్ మీదికి దానిని తెచ్చినది ఆయనే అనడానికి ఇది రుజువు కాదు. కానీ ఆ నౌకను నడిపే తీరు, అధికార క్రమం, పరిభాష అన్నీ నౌకాదళం, వైమానికదళం నుంచి అరువు తెచ్చుకున్నవే అయినప్పుడు, వారి లెక్కల పరికరం కూడా వెంట రావడంలో వింత లేదు.

అంతరిక్షంలో అప్పుడు నిజంగా జరుగుతున్నది

మూడో వాదన నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది. 1966లో రోదసియాత్ర అనేది స్లైడ్ రూళ్లు చేతపట్టిన మనుషుల పనే. అపోలో నౌకలో అమర్చబోయే, దారి చూపే గైడెన్స్ కంప్యూటర్ తొలిసారి మనుషులు లేని ప్రయోగంలో ఎగిరింది 1966 ఆగస్టు 25న, అంటే ‘స్టార్ ట్రెక్’ తొలి ప్రసారానికి రెండు వారాల ముందు. ఆ కంప్యూటర్ ఎంతో తెలివైన నిర్మాణమే. అయినా చంద్రుడి మీదికి వెళ్లిన రూపంలో సైతం దాని చెరిపి రాసుకునే జ్ఞాపకశక్తి 2,048 ‘పదాలే’ (ఇక్కడ పదం అంటే కంప్యూటర్ ఒక గడిలో దాచుకునే సంఖ్య). దానిని రూపొందించిన ఇంజనీర్ల బల్లల మీద స్లైడ్ రూళ్లు ఉండేవి. అపోలో వ్యోమగాములు పికెట్ సంస్థ తయారుచేసిన ఎన్600-ఈఎస్ అనే చిన్న స్లైడ్ రూల్‌ను చంద్రుడి దాకా వెంట తీసుకువెళ్లారు.

1966 నవంబరులో జరిగిన జెమిని 12 యాత్ర ఇంకా దగ్గరి ఉదాహరణ. ముందే కక్ష్యలో ఉన్న అజీనా వాహనాన్ని జెమిని వెతికి పట్టుకుని దానితో జతకలవాలి. మధ్యలో రాడార్ పనిచేయడం మానేసింది. వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్ కక్ష్యలో రెండు వాహనాలను కలపడం అనే అంశం మీదే ఎంఐటీలో పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నవారు. ఆయన సెక్స్‌టంట్‌తో కోణాలు కొలిచి, ముందే సిద్ధం చేసుకున్న పట్టికలతో లెక్క చూసి దారి చెప్పారు, వాహనాలు రెండూ కలిశాయి. ‘మడ్స్ విమెన్’ ప్రసారమై అప్పటికి నెల రోజులే. యంత్రం మొరాయించినప్పుడు మనిషి చేతి పరికరంతో లెక్క తేల్చడం అనేది ఆ ఏడాది కల్పిత కథలో వచ్చిన సంఘటన, నిజమైన కక్ష్యలోనూ జరిగిన సంఘటన.

అభిమానులు చెప్పే కథాంతర్గత సమర్థన దీనితో కొంత కలుస్తుంది. ప్రధాన కంప్యూటర్‌ను నమ్మలేని సందర్భానికి విద్యుత్తు అక్కరలేని సాధనం ఒకటి దగ్గర ఉంచుకోవడం ఏ కాలంలోనైనా తెలివైన పనే అని వారంటారు. తర్వాత కూర్చుకున్న సమర్థన అని దానిని కొట్టిపారేయవచ్చు, ఎందుకంటే కథలో ఎవరూ ఆ మాట అనరు. కానీ అంతరిక్ష సంస్థలు నిజంగా అలాగే ప్రవర్తించాయి. 1975 జూలైలో అమెరికా, సోవియట్ వాహనాలు కక్ష్యలో కలిసిన అపోలో-సోయుజ్ యాత్రలో, నౌకలోని కంప్యూటర్‌కు ప్రత్యామ్నాయంగా వ్యోమగాములు హెచ్‌పీ-65 కాలిక్యులేటర్‌ను తీసుకువెళ్లారు. చేతి పరికరం మారిందే తప్ప, చేతి పరికరం ఉండాలన్న నియమం మారలేదు.

1972లో ఏం జరిగింది

అలాంటప్పుడు ఆ దృశ్యం మనకు ఎందుకంత విడ్డూరంగా కనబడుతుంది? జవాబు ధారావాహికలో లేదు, అది జనంలోకి వెళ్లిన కాలంలో ఉంది. ‘స్టార్ ట్రెక్’ తొలి ప్రసారం 1969తో ముగిసింది. అప్పటికి దానికి ప్రేక్షకులు అంతంత మాత్రమే. స్థానిక చానళ్లలో పదేపదే పునఃప్రసారం కావడం మొదలయ్యాక, 1970లలో దానికి అసలైన ఆదరణ పెరిగింది. సరిగ్గా ఆ రోజులలో, 1972లో, హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ హెచ్‌పీ-35ను విడుదల చేసింది. జేబులో పట్టే ఆ కాలిక్యులేటర్ గుణకార భాగహారాలతో పాటు సంవర్గమానాలు, త్రికోణమితి ప్రమేయాలు కూడా పది అంకెల వరకు చూపేది. ధర 395 డాలర్లు. మొదట్లో అది చాలామందికి అందని ధరే. కొద్ది ఏళ్లలో ధరలు కుప్పకూలాయి. తరతరాలుగా స్లైడ్ రూళ్లు చేసిన క్యూఫెల్ అండ్ ఎసర్ సంస్థ 1970ల మధ్యకల్లా వాటి తయారీ ఆపేసింది. మూడున్నర శతాబ్దాలు నిలిచిన సాధనం నాలుగైదేళ్లలో వాడుక నుంచి తప్పుకోవడం సాంకేతిక చరిత్రలో అరుదు.

అందువల్ల ఒకే దృశ్యాన్ని రెండు తరాలు రెండు రకాలుగా చూశాయి. 1966లో చూసిన ఇంజనీరుకు స్పాక్ తనలాంటివాడు. 1976లో పునఃప్రసారం చూసిన విద్యార్థికి స్పాక్ తన అన్న వాడి పక్కనపెట్టిన వస్తువును పట్టుకున్న మనిషి. మన దేశంలో 1980లలో ‘స్టార్ ట్రెక్’ దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాలు వచ్చేది. హైదరాబాదులో, విశాఖలో, వరంగల్లులో దానిని చూసిన ఇళ్లలో తండ్రి స్లైడ్ రూల్‌తో ఇంజనీరింగ్ పూర్తిచేసినవారు, పిల్లలు కాలిక్యులేటర్ తప్ప మరొకటి ఎరగనివారు కావడం మామూలే. తెర మీద చక్రం తిరిగినప్పుడు ఆ ఇద్దరికీ తోచినది ఒకటే అయి ఉండదు.

ఇక్కడ ఒక చిక్కును ఒప్పుకోవాలి. ఇది కాలం తెచ్చిన తేడా మాత్రమే అంటే తొలి వాదనకు పూర్తి న్యాయం జరగదు. భవిష్యత్తును చూపిస్తానని పూనుకున్న కథను భవిష్యత్తులో కూర్చుని చూసేవారు దాని అంచనాలను పరీక్షించడం సహజం, సబబు కూడా. నేననేది, ఆ పరీక్షలో ఓడిపోయింది స్లైడ్ రూల్ ఒక్కటే కాదని. అదే నౌకలో కాగితాలు, తిరిగే అంకెల కాలమానిని, రంగు రంగుల చతురస్రపు పలకల మీద దాచిన సమాచారం కూడా ఉన్నాయి. వాటిలో స్లైడ్ రూల్‌ను మాత్రమే వేలెత్తి చూపడానికి కారణం, దాని మరణం మిగతావాటికన్నా హఠాత్తుగా, అందరి కళ్లముందు జరగడమే.

కాంతివేగం దాటే నౌకకూ పనికొచ్చే స్కేలు

స్లైడ్ రూల్‌కు ఆ కల్పిత ప్రపంచంలో ఎంత చోటు ఉండగలదో చూపే లెక్క ఒకటి ఉంది. నౌక వేగాన్ని ‘వార్ప్’ సంఖ్యలలో చెబుతారు. ఆ ధారావాహిక రచయితలు పెట్టుకున్న నియమం ప్రకారం వార్ప్ సంఖ్యను ఘనం చేస్తే నౌక వేగం కాంతివేగానికి ఎన్ని రెట్లో వస్తుంది. వార్ప్ 5 అంటే 125 రెట్లు, వార్ప్ 6 అంటే 216 రెట్లు. కథలలో దూరాలు, కాలాలు ఎప్పుడూ ఈ నియమానికి కట్టుబడలేదు, అయినా నియమం మాత్రం అదే.

ఇంజనీర్లు వాడిన తిన్నటి స్లైడ్ రూళ్లలో చాలావాటి మీద ‘కె’ అనే స్కేలు ఉంటుంది. ప్రధాన స్కేలైన ‘డి’ మీది సంఖ్యకు ఘనం ఎంతో అది నేరుగా చూపుతుంది. కర్సర్ (స్కేళ్ల మీద జరిగే పారదర్శక పలక) గీతను డి మీద 5 దగ్గర పెడితే కె మీద 125 కనిపిస్తుంది. గమ్యం 10 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, 10ని 125తో భాగించగా 0.08 సంవత్సరం, దానిని 365తో గుణిస్తే సుమారు 29 రోజులు. వార్ప్ 6తో వెళ్తే ఎంత అన్నది తెలుసుకోవాలంటే కర్సర్‌ను 6 దగ్గరకు జరిపి 216 చదివి, అదే భాగహారం మళ్లీ చేయాలి. 17 రోజుల లోపే వస్తుంది. ఒక్క మెట్టు వేగం పెంచితే 12 రోజులు కలిసివస్తాయన్న సంగతి ఆ పరికరం పట్టుకున్న మనిషికి అరనిమిషంలో తెలుస్తుంది. స్పాక్ చేతిలోని ఈ-6బికి ఈ కె స్కేలు లేదు, అతను అదే లెక్కను వరుస గుణకారాలతో చేసుకోవలసి వచ్చేది.

ఇక ఆ వస్తువుల తర్వాతి చరిత్ర. తెర మీద భవిష్యత్తుకు ప్రతీకలుగా దీపాలు వెలిగించిన ఏఎన్/ఎఫ్‌ఎస్‌క్యూ-7 యంత్రాలు 1980ల తొలి సంవత్సరాలలో పూర్తిగా సేవ నుంచి తప్పుకున్నాయి. హెచ్‌పీ-35 ఇప్పుడు సేకరణకర్తల దగ్గర దొరికే వస్తువు. ఈ-6బి మాత్రం ఇప్పటికీ తయారవుతోంది, అమ్ముడవుతోంది. విమానం నడపడం నేర్చుకునేవారు దూరం, కాలం, ఇంధనం, గాలి లెక్కలు మొదట దానిమీదే నేర్చుకోవడం చాలా శిక్షణ కేంద్రాలలో మామూలు. దానికి ఎలక్ట్రానిక్ రూపాలు వచ్చినా, బ్యాటరీ అక్కరలేని చక్రాన్నే ఇష్టపడే బోధకులు ఉన్నారు. 142కు ఎదురుగా బాణం నిలిపినప్పుడు వేగానికీ కాలానికీ ఉన్న సంబంధం మొత్తం వలయం మీద ఒకేసారి కనబడుతుందని, తెర మీద మెరిసే ఒంటరి అంకె ఆ సంబంధాన్ని చూపదని వారి వాదన.